మొన లోపలికి తిప్పిన బాణం

ఖావ్ ఆ రోజు నోరు పారేసుకున్నాడు. చచ్చి పడివున్న కుడు జింక పక్కన నిలబడి, దాని మెలికల కొమ్ము మీద కాలు పెట్టి, "చంపింది నా తీగ ములికి. మాంసం నేనే పంచుతాను," అన్నాడు. మేం పదకొండు మందిమి రెండు రోజులు దాని జాడ పట్టుకుని నడిచి వచ్చాం. ఎవరికీ వాదించే ఓపిక లేదు. ఆకలి మాత్రం ఉంది.

మాలో బాణం ఎవరిదైతే మాంసం పంచే హక్కు వాళ్ళదే. వేసినవాడిది కాదు. ఆ కుడు ఒంట్లో రెండు బాణాలు దిగాయి. రెండూ వేసింది ఖావే. ఒకటి అతని సొంతం. తెల్లవాళ్ళ పశువుల కంచె నుంచి తెంపుకొచ్చిన ఇనప తీగను సాగగొట్టి చేసుకున్నాడు. రెండోది మాతో వచ్చిన దెబె ఇచ్చిన ఎముక ములికి. అప్పట్లో అందరికీ తీగ పిచ్చి పట్టింది. ఎముక గీకేవాణ్ణి చూసి చిన్నపిల్లలు కూడా నవ్వేవాళ్ళు.

"ఎముక కుక్కలకి వెయ్యి దెబే. మనుషులకి తీగ వచ్చింది," అన్నాడు ఖావ్.

దెబె తన చేతుల మీద గీతలూ గాయాలూ లేవని రెండు వైపులా తిప్పి చూసుకుని, మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ముందు తీగ ములికిని పట్టి లాగాడు. అది తేలిగ్గా వచ్చేసింది. పక్కటెముకకు కొట్టుకుని వంగిపోయి తోలు కిందే ఆగింది. దాని మీద విషం పూసింది పూసినట్టే ఎండిపోయి ఉంది. తర్వాత రెండో గాయం చుట్టూ కోసి, నల్లబడ్డ మాంసం పక్కన పడేసి, మోచేతి దాకా చెయ్యి పెట్టాడు. చాలాసేపు వెతికాడు. చివరికి అరచేతిలో చిటికెన వేలంత ఎముక ముక్కతో చెయ్యి బయటికి తీశాడు. దాని మీద విషం చుక్క మిగల్లేదు. అంతా కుడు రక్తం తాగేసింది.

"ఇనుముకి దెబ్బ తగిలితే వంగుతుంది ఖావ్. ఎముకకి తగిలితే విరుగుతుంది. విరిగింది లోపలే ఉండిపోతుంది. నీది భయపడి గుమ్మంలోనే ఆగింది. నాది పని చేసి చచ్చింది."

పెద్దవాళ్ళు నవ్వారు. ఖావ్ కొమ్ము మీద నుంచి కాలు తీశాడు. దెబె మాంసం పంచాడు. మొదటి వాటా, తొడ మాంసం, ఖావ్ అత్తగారికి ఇచ్చాడు. గెలిచినవాడు అలా ఇస్తే ఓడినవాడు తల ఎత్తుకుని ఊళ్ళోకి రాగలడు. ఆ రోజు నుంచి వాళ్ళిద్దరూ ఇచ్చిపుచ్చుకునే నేస్తాలయ్యారు. ఒక ఎండాకాలం దెబె బాణాలిస్తే, మరుసటి ఎండాకాలం ఖావ్ తోలో, నిప్పుకోడి గుడ్డు పెంకు పూసలో తెచ్చేవాడు. ఖావ్ తన భార్యవాళ్ళ ఊరు నోమ్‌త్సాకు వెళ్ళిపోయాక కూడా ఆ దారి మూసుకుపోలేదు. ముప్ఫై వానలు నడిచింది.

నా పేరు చూకో. దెబె నాకంటే ఆరు వానలు చిన్నవాడు, అయినా నాకు తాత. అతనికి మా తాత పేరు పెట్టారు మరి. పేరు ఒకటైతే మనిషీ ఒకటే. అందుకని నేను అతన్ని తాతా అని పిలిచేదాన్ని, అతను నన్ను మనవరాలా అనేవాడు. తాతా మనవరాళ్ళ మధ్య మాటకు అడ్డు లేదు, ఎంత బూతైనా చెల్లుతుంది. మేం ఆ హక్కును ఏ రోజూ వృథా చెయ్యలేదు.

మా చోఖా ఊళ్ళో ఎముక పని చివరిదాకా వదలనిది అతనొక్కడే. నిప్పుకోడి కాలి ఎముక తెచ్చి, రాతితో నిలువునా చీల్చి, తడి ఇసకలో పాతేవాడు. మూడు రోజుల తర్వాత తీసి గీకేవాడు. వంకర ఉంటే వేడి బూడిదలో పెట్టి, పళ్ళ మధ్య పట్టుకుని నిదానంగా సరిచేసేవాడు. తర్వాత గాడి పడిన రాయి మీద, ఇసక వేసి, నీళ్ళు చల్లి, ముందుకీ వెనక్కీ, ముందుకీ వెనక్కీ. ఆ చప్పుడు వినీ వినీ నా చెవులు కాయలు కాచాయి. "తాతా, నీ పెళ్ళాం నిన్ను వదిలి ఎందుకు చచ్చిందో ఇప్పుడు తెలిసింది," అనేదాన్ని. "దానికి నిద్ర పట్టేది. నీకు పట్టదు. ఒంట్లో పాపం ఉంటే అంతే," అనేవాడు.

విషం సంగతి చెప్పాలి. చెట్టు కింద మట్టిలో దొరికే పురుగుల రసం అది. జంతువు ఒంట్లోకి వెళితే ఒకటి రెండు రోజులకి పడిపోతుంది. మనిషికైతే అంతసేపు కూడా పట్టదు. విరుగుడు లేదు. పూసినవాడికి కూడా తెలియదు. అందుకని మా వాళ్ళు రెండు జాగ్రత్తలు పెట్టుకున్నారు. ఒకటి, విషం మొనకి పూయం. మొన నుంచి చిటికెన వేలి కణుపంత ఖాళీ వదిలి, దాని వెనక నుంచి పూస్తాం. మొన గీసుకున్నా ప్రాణం పోకూడదని. రెండోది, పొదిలో బాణం ఉన్నంతసేపూ మొన బయటికి ఉండదు. రెల్లు బోలుగా ఉంటుంది కదా, ములికిని తిరగేసి మొన లోపలికి దోపుతాం. బయటికి కనిపించేది మొండి కొస. వేసే ముందు లాగి, తిప్పి పెట్టుకుంటాం. లోపల ఉన్నది విషం పూసిన ములికి అయితే రెల్లు మూతి చుట్టూ ఎర్రమట్టితో ఒక గీత గీస్తాం. ఎవరికైనా ఇచ్చే బాణానికి విషం పూయం, గీతా ఉండదు. పుచ్చుకున్నవాడు తన విషం తను పూసుకుంటాడు.

కాబట్టి గీత లేని బాణం అంటే భయం లేని బాణం. మా ఊళ్ళల్లో నడక నేర్చిన పిల్లకు కూడా ఆ మాట తెలుసు.

మూడు వానల కిందట కొండ గుహలో తవ్వేవాళ్ళు వచ్చారు. పట్నం నుంచి వచ్చిన చదువుకున్నవాళ్ళు. వాళ్ళు ఒక ప్లాస్టిక్ పెట్టెలో దూది మీద పెట్టి ఒక ఎముక ములికి తెచ్చారు. గుహలో మనిషి లోతు తవ్వితే దొరికిందట. ముత్తాతల ముత్తాతలని లెక్కపెట్టుకుంటూ పోతే నోరు నొప్పి పుట్టేంత పాతదట. దెబెకు చూపించి, ఇదేమిటో చెప్పమన్నారు.

దెబె దాన్ని కళ్ళ దగ్గర పెట్టుకోలేదు. బొటనవేలితో నిలువునా తడిమాడు. చెంప మీద దొర్లించాడు. "నిప్పుకోడిది కాదు. జింకది. గీకినవాడిది ఎడమచేతి వాటం. తొందర మనిషి," అన్నాడు. వాళ్ళు ఆ మాటలన్నీ రాసుకున్నారు.

"ఎక్కడ దొరికింది?" అని దెబె అడిగాడు.

ఒక మనిషి అస్థిపంజరం దగ్గర, అరచేతి ఎముకల మధ్యన దొరికిందని చెప్పారు.

దెబె ములికిని ఇంకోసారి బొటనవేలితో తడిమాడు. "తీసుకెళ్ళి అక్కడే పెట్టండి. పోయినవాళ్ళకు చేతిలో పని లేకపోతే బతికినవాళ్ళ చేతుల్లోకి చూస్తారు," అని ములికిని పెట్టెలో పెట్టబోయాడు. అది పెట్టె పక్కన ఇసకలో పడింది. జానెడు దూరంలో పడింది.

వాళ్ళు వెళ్ళాక నేను అడిగాను. "పెట్టె కనబడలేదా తాతా?"

"ఎండ కళ్ళలో పడింది."

"మనం నీడలో కూర్చున్నాం."

"నోరు మూసుకో మనవరాలా."

నేను అతని మొహం ముందు వేళ్ళు ఆడించాను. రెప్ప కదల్లేదు. కళ్ళ మీద పాలమీగడ లాంటి పొర అప్పుడు చూశాను. అతను నా మణికట్టు పట్టుకున్నాడు, తడుముకుని పట్టుకున్నాడు. "ఎవరికీ చెప్పకు. నీడలు కనబడతాయి. మిగతాది చేతులు చూస్తాయి. ఈ పని కూడా లేకపోతే నేను వేరేవాళ్ళు నమిలిపెట్టిన మాంసం తినే ముసలాణ్ణి అవుతాను."

చెప్పలేదు. నా నోరంటే చుట్టుపక్కల అయిదు ఊళ్ళకు హడల్. ఆ నోరు జన్మలో ఒక్కసారి మూసుకుంది. అదే మూసుకోకూడని చోట.

పోయిన ఎండాకాలం చివర్లో ఖావ్ వచ్చాడు. కూతురు నుఖా గుచ్చిన పూసల దండలు రెండు తెచ్చాడు. దెబె వాటిని వేళ్ళతో తడిమి, "పూసలు సన్నగా ఉన్నాయి. మీ ఊళ్ళో నిప్పుకోళ్ళకు గుడ్లు పెట్టడం చేతకావట్లేదా?" అన్నాడు. మెచ్చుకోవడం మా అలవాటు కాదు. మెచ్చుకుంటే ఇచ్చినవాడికి పొగరెక్కుతుంది. దెబె పొదిలో వేరుగా పెట్టుకున్న గీత లేని బాణాలు నాలుగు తీసి ఇచ్చాడు.

"ఇవేనా?" అన్నాడు ఖావ్.

"ఇవే. ఎక్కువ ఆశపడితే పళ్ళు రాలతాయి. నీకు ఎన్ని మిగిలాయి?"

"కొరకడానికి చాలినన్ని ఉన్నాయి, ముసలోడా."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఖావ్ మర్నాడు తెల్లారగానే నడక మొదలుపెట్టాడు. నోమ్‌త్సాకు రెండు రోజుల దారి.

ఖావ్ వెళ్ళిన నాలుగో రోజు పొద్దున్నే దెబె నన్ను పిలిచాడు. ఎప్పటిలా వేళాకోళంగా పిలవలేదు. "చూకో," అన్నాడు. పేరు పెట్టి పిలవడం అదే మొదలు. వెళ్ళి చూస్తే, పొదిలోని బాణాలన్నీ తోలు మీద పరిచి, ములికులు లాగి వరసగా పెట్టుకుని కూర్చున్నాడు. చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆ చేతులు ఖాళీగా ఉండగా నేను ఎప్పుడూ చూడలేదు.

"ఎర్ర గీతలున్న రెల్లులు ఎన్నో చెప్పు."

"అయిదు."

"వాటి ములికులు ఒక్కొక్కటే చూసి చెప్పు. విషం ఉందా?"

చూశాను. ఒకటి, రెండు, మూడు, నాలుగింటికి నల్లటి బంకలా విషం ఉంది. అయిదోది తెల్లగా, శుభ్రంగా ఉంది. ఇంకోసారి చూశాను. ఎముక ఎముకలాగే ఉంది.

విషం ఉండాల్సిన ఒక ములికి ఆ పొద్దున వేలికి నున్నగా తగిలిందట. ఖావ్ రాకముందు రోజు అతను ములికులన్నీ ఒకేసారి లాగి, కొవ్వు రాసి, మళ్ళీ రెల్లుల్లో దోపాడట. విషం ఉన్నవి, వాటి రెల్లులు కుడివైపు, లేనివి ఎడమవైపు పెట్టుకున్నాడట. గాలికి తోలు అంచు మడత పడితే సర్దుకున్నాడట. అప్పుడే ఒకటి అటుదిటు అయింది. గీత ఉన్న రెల్లులోకి శుభ్రమైనది వెళితే, విషం పూసినది గీత లేని రెల్లులోకి వెళ్ళినట్టే కదా. గీత లేనివన్నీ ఖావ్‌కు ఇచ్చేశాడు.

"దానితో వేటాడితే జంతువు చస్తుంది. అంతేగా? విషం తగిలించుకోవడానికి జంతువులే కదా ఉన్నాయి," అన్నాను. నాకే నా మాట నచ్చలేదు.

"వేటకి వాడితే సరే. ఖావ్ ఇప్పుడు ఏం వేటాడతాడు? ఆ కూతురు ఏం చేస్తుందో నీకు తెలీదా?"

తెలుసు. నేనైనా అదే చేసేదాన్ని. తోలు కుట్టేవాళ్ళకు మంచి ఎముక మొన కనిపిస్తే చేతులు ఊరుకోవు. బెజ్జం వేసే ఆరె ఇనపదైతే తోలును చింపుతుంది, ఎముక ఆరె పక్కకు జరిపి బెజ్జం వేస్తుంది. నుఖా పట్నం దుకాణానికి తోలు సంచులు కుడుతుంది. తండ్రికి వచ్చిన ములికుల్లో నునుపైనది ఒకటి లాక్కుని ఆరె చేసుకోవడం దానికి చిన్నప్పటి నుంచీ ఉన్న అలవాటు. ఆరె పట్టాక వేలికి రోజుకు రెండుసార్లైనా గుచ్చుకుంటుంది. గుచ్చుకోగానే నోట్లో పెట్టుకుంటాం.

ఇక్కడ మావాళ్ళు కానివారికి ఒక సంగతి అర్థం కాదు. ఇచ్చిన వస్తువు తిరిగి అడగకూడదు. అడిగితే ఆ దారి చచ్చినట్టే. అడిగినవాణ్ణి ఏ ఊళ్ళోనూ మంట దగ్గర కూర్చోనివ్వరు. అంతకంటే పెద్ద భయం ఇంకొకటి ఉంది. నేను పంపిన బాణంలో విషం ఉంది అని చెప్పడమంటే, నేను నిన్ను చంపడానికి పంపాను అని చెప్పడమే. కళ్ళు కనబడవని ఎవరికీ తెలియదు కదా, పొరపాటని ఎవరు నమ్ముతారు?

"నేను ఒక్కదాన్నే వెళతాను," అన్నాను.

"ఆ బాణం నాది," అన్నాడు.

ఆ పూటే బయలుదేరాం. కందమూలాలు తవ్వే నా కర్ర ఒక కొస నేను పట్టుకున్నాను, రెండో కొస అతను పట్టుకున్నాడు. ఎదురైనవాళ్ళు అడిగితే ముసలాడికి మోకాలు పట్టేసిందని చెప్పాను. దారంతా వాన రాని ఆకాశం, ఆకు లేని ముళ్ళకంపలు. ఎండిన మడుగులో నిన్నటి హైనా జాడ మా దారినే ముందు నడిచి వెళ్ళింది. అది చూశాను కానీ చెప్పలేదు. దెబె మాత్రం వాసన పట్టినట్టున్నాడు, ఆ చోట నడక తొందర చేశాడు. రెండు రోజుల దారి ఒకటిన్నర రోజులో నడిచాం. ఆ ఒకటిన్నర రోజులో అతను ఒక్క వేళాకోళం కూడా ఆడలేదు. నేను మూడుసార్లు తిట్టి చూశాను. ఊహూఁ.

నోమ్‌త్సా చేరేసరికి ఎండ నడినెత్తిన ఉంది. మర్యాద ప్రకారం ఊరి అంచున నీడలో కూర్చున్నాం. పిలిచేదాకా కూర్చోవాలి. పిలిచాక నీళ్ళు, తర్వాత పొగాకు, ఆ తర్వాతే మాట. ఖావ్ మమ్మల్ని చూసి తన గుడిసె ముందు నుంచి లేచాడు. నాలుగు రోజుల్లోనే వెనక వచ్చిన నేస్తాన్ని చూసి అతని మొహంలో నవ్వు రాలేదు.

నుఖా వాళ్ళ నీడపందిరి కింద తోలు పరుచుకుని కుడుతోంది. దాని ఎడమచేతి బొటనవేలు నోట్లో ఉంది.

దెబెకు అది కనబడదు. నాకు కనబడింది. మర్యాదను మట్టిలో వదిలేసి లేచాను.

"నుఖా, నోట్లో నుంచి వేలు తియ్యి. ఉమ్మెయ్యి."

"ఏంటవ్వా, రాగానే?"

"ఆ ఆరె ఎక్కడిది?"

"నాన్నకి దెబె తాత ఇచ్చిన ములికి. మొన భలే ఉంది, లాగేసుకున్నాను. తిరిగి అడగడానికి వచ్చారా ఏంటి?" నవ్వింది. మంచి పిల్ల. పిల్ల అంటున్నాను, దానికి నలభై వానలుంటాయి.

"ఎప్పుడు గుచ్చుకుంది?"

"ఇందాకే. పొద్దు ఆ కొమ్మ దాకా వచ్చినప్పుడు. ఆరెకి కొత్తదీ పాతదీ ఉంటుందా, గుచ్చుకుంటుంది."

ఆరె అందుకున్నాను. పట్టుకోవడానికి వీలుగా దాని నడుముకు సన్నటి తోలు వారు చుట్టుకుంది. ఆ తోలు వారు కింద నుంచి మొన దగ్గర దాకా నల్లటి బంక కనిపించింది. రెల్లుకు అతికించిన చెట్టు బంక అనుకుందట. గీత లేని బాణంలో ఇంకేం ఉంటుందనుకుంటుంది?

దెబె అప్పటికే తడుముకుంటూ వచ్చి నా వెనక నిలబడ్డాడు. చెయ్యి చాపాడు. ములికి ఆ చేతిలో పెట్టాను. తోలు వారు విప్పి, గోటితో మొన నుంచి వెనక్కి కొలుచుకుంటూ వెళ్ళాడు. గోరు విషం అంచు దగ్గర ఆగింది. అతని పెదవులు కదిలాయి. ఇంకోసారి కొలిచాడు.

"వేలిలోకి ఎంత దిగింది తల్లీ?"

"ఏమో తాతా. గుచ్చుకునేటప్పుడు ఎవరు కొలుస్తారు? కాస్త రక్తం వచ్చింది."

అప్పటికి ఖావ్‌కు అర్థమైంది. అతను అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. కూతురి చెయ్యి లాక్కుని, బొటనవేలి మీద కత్తితో గాటు పెట్టి, రక్తం నోటితో పీల్చి ఉమ్మాడు, పీల్చి ఉమ్మాడు. గుడ్డతో మణికట్టు బిగించి కట్టాడు. తర్వాత దెబె వైపు తిరిగాడు.

"ముప్ఫై వానలు నా మంట దగ్గర కూర్చున్నావు. ఆ కుడు మాంసం ఇంకా నీ పళ్ళలో ఇరుక్కునే ఉందా? గెలిచింది నువ్వే కదరా. గెలిచాక కూడా ఏంటీ పని?"

"పొరపాటు ఖావ్."

"నీ చెయ్యి పొరపాటు చెయ్యడమా? విషం ములికి ఏదో, వట్టిది ఏదో తెలియనివాడివా నువ్వు? గీత గియ్యడం మర్చిపోయావా?"

ఊరు ఊరంతా గుమిగూడింది. దెబె ఒక్కసారి నా వైపు మొహం తిప్పాడు, సరిగ్గా నా వైపు కాదు, పక్కకి.

"నాకు కళ్ళు కనబడవు," అన్నాడు. "గీత ఉందో లేదో నాకు తెలియదు. మూడు వానలయింది."

"అబద్ధం. ఇవి ఎన్ని?" అని ఖావ్ వేళ్ళు చూపించాడు.

"చెయ్యి చాపావా ఖావ్? అది కూడా తెలియలేదు."

ఖావ్ చెయ్యి అలాగే కాసేపు గాల్లో ఉండి, దిగింది. అతను నన్ను చూశాడు. "నీకు తెలుసా?" అన్నాడు. అవునని తల ఊపాను. దెబెను చూసిన చూపు కంటే నన్ను చూసిన చూపే ఎక్కువసేపు ఉంది. దానికి నేను తగినదాన్నే.

ఇక చెయ్యగలిగింది కూర్చోవడమే. విషం వెళ్ళి ఉంటే ముందు చెయ్యి మొద్దుబారుతుంది, తర్వాత మూత్రం ఎర్రబడుతుంది, తర్వాత చెప్పనక్కర్లేదు. పొద్దు దిగేలోపు తెలిసిపోతుంది. నుఖా మధ్యలో కూర్చుంది. మేమంతా చుట్టూ. దాని చిన్న కూతురు వచ్చి ఒళ్ళో పడుకోబోతే ఎవరో లాక్కెళ్ళారు. ఒకసారి, "వేలు తిమ్మిరెక్కింది," అంది. కట్టు బిగుతు వల్లా, ఇంకోదాని వల్లా అని ఎవరూ అడగలేదు. దెబె ఆ ములికిని అరచేతిలో పెట్టుకుని దూరంగా కూర్చున్నాడు. నేను దగ్గరికి వెళ్ళి నెమ్మదిగా అడిగాను.

"ఖాళీ ఎంత వదిలావు?"

"కణుపంత వదలాలి."

"ఎంత వదిలావు తాతా?"

"గోరంత. గోరంత కూడా లేదు. గోరు తెలుపంత." వేలి చివర తెల్లటి అంచు చూపించాడు. "చెయ్యి చూస్తుందనుకున్నాను."

నీడలు పొడుగయ్యాయి. పిట్టలు నీళ్ళ గుంట వైపు వెళ్ళి తిరిగొచ్చాయి. నుఖా లేచి పొదల వెనక్కి వెళ్ళింది, తల్లి వెంట వెళ్ళింది. వాళ్ళు తిరిగొచ్చేదాకా ఆ ఊళ్ళో ఒక్కరూ దగ్గలేదు. తల్లి వచ్చి మంట దగ్గర కూర్చుని కట్టెలు లోపలికి నెట్టింది. అప్పుడు నుఖా, "పొద్దుటి నుంచి ఏమీ తినలేదు, నన్ను చూస్తూ కూర్చుంటే కడుపు నిండుతుందా మీకు?" అంది.

బతికింది. గోరు నల్లబడి తర్వాత ఊడిపోయిందని విన్నాను. అంతే.

ఖావ్ గుడిసెలోకి వెళ్ళి మిగతా మూడు బాణాలు తెచ్చాడు. దెబె ముందు ఇసకలో పెట్టాడు. విసరలేదు, విరవలేదు, నెమ్మదిగా పెట్టాడు. ఇచ్చినది వెనక్కి పెట్టడమంటే ఏమిటో మా ఇద్దరికీ తెలుసు. దెబె వాటిని తడిమి తీసుకుని లేచాడు. మమ్మల్ని ఎవరూ ఉండమనలేదు.

మర్నాడు దారిలో, ఎండిన మడుగు దగ్గర, అతను కర్ర వదిలేసి కూర్చున్నాడు.

"మనవరాలా, మా తమ్ముడి కొడుకులు నా బాణాలతోనే కదా వేటాడేది. ఈ మూడు వానల్లో ఎన్నిసార్లు జంతువు దెబ్బ తిని కూడా చావకుండా వెళ్ళిపోయిందో తెలుసా?"

"తెలీదు."

"ఏడుసార్లు. జాడ పట్టి మూడు రోజులు వెళ్ళినా అది మేస్తూనే ఉండేదట. పురుగులు మంచివి దొరకట్లేదు, విషం పలచబడింది అని నేను పురుగుల్ని తిట్టుకున్నాను."

కుర్రవాళ్ళు వేట తొందరలో గీతను నమ్మి వేసేవాళ్ళు, ములికిని చూసుకోరు. ఏడుసార్లు గీత ఉన్న బాణంలో వట్టి ఎముక ఉంది. అంటే విషం పూసినవి ఏడు వేరేచోట ఉన్నాయి. గీత లేకుండా ఉన్నాయి.

"ఎవరెవరికి ఇచ్చావు?"

ఊళ్ళ పేర్లు చెప్పాడు. నాలుగు ఊళ్ళు, పదిమంది మనుషులు. సరిహద్దు కంచె అవతల ఉన్న అతని చెల్లెలికి ఆరు. వచ్చినదాన్ని దగ్గర ఉంచుకోవడం మాలో సిగ్గుచేటు, ఏడాది తిరక్కుండా ఇంకొకరికి ఇవ్వాలి. ఆ పదిమంది ఇంకో పదిమందికి ఇచ్చి ఉంటారు. వాళ్ళ ఇళ్ళలో కుట్టే ఆడవాళ్ళుంటారు. పిల్లలుంటారు. పిల్లలు మొండి కొస కనిపిస్తే లాగి చూస్తారు.

"నేను వెళ్ళలేను, దారి కనబడదు," అన్నాడు. "కుర్రవాళ్ళని పంపితే అడగరు, సిగ్గుపడి నీళ్ళు తాగి తిరిగొచ్చేస్తారు. నువ్వు ఎవరినీ ఏదీ అడిగినదానివి కాదు. నాకు తెలుసు. ముసల్దానికి ఆశ పుట్టింది, ఇచ్చినవి వెనక్కి లాక్కుంటోంది అంటారు. నీ మొహాన ఉమ్ముతారు. అయినా వెళ్ళు. ఒక్కో మంట దగ్గరికీ వెళ్ళు. దెబె కళ్ళు పోయి మూడు వానలయింది, వాడి బాణం ఏదున్నా మొన లాగొద్దు అని చెప్పు. నా పేరు ఎక్కడ ఎంత చెడ్డా పరవాలేదు, గట్టిగా చెప్పు. ఇచ్చిన ప్రతి ములికీ తిరిగి అడుగు. వాళ్ళు ఇంకొకరికి ఇచ్చేశామంటే ఆ ఇంకొకరి దగ్గరికి వెళ్ళు. ఇవ్వనంటే లాక్కో."